ఆరో వస్తువు

పెద్ద సార్లు విమానమెక్కి పరాయి దేశం చూసి వచ్చారంటే, ఇక్కడ ఎవడో ఒకడికి మూడిందన్నమాటే. ఒకసారి వెళ్లొచ్చి బస్టాండులో పచ్చగడ్డి పెంచారు, దాన్ని కాయడానికి మనిషిని పెట్టారు, ఆ మనిషిని మేక పొడిచింది. ఇంకోసారి వెళ్లొచ్చి సంతలో గొర్రెలు నిలబడడానికి తెల్లగీతలు గీశారు. గొర్రెలు నేర్చుకున్నాయి గాని, సార్లు మరిచిపోయారు. ఈసారి వెళ్లొచ్చింది జలవినోద సంస్థ డైరెక్టరు పరాంకుశం గారు. మూడింది సోమరేవు కుర్మయ్యకు.

పరాంకుశం గారు చూసి వచ్చింది బాగా చల్లని దేశం. అక్కడ దొరలు మోకాటి లోతు ఏటిలో నిలబడి, ఈకలతో చేసిన దొంగ ఈగను దారానికి కట్టి, నీటి మీద ఆడించి చేపలు పడతారట. పట్టిన చేపను ముద్దుగా ఒకసారి చూసుకుని, మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారట. ఈ రెండో ముక్క విన్నప్పుడు సోమరేవు బెస్తవాళ్లు, "పాపం, ఇంట్ల పులుసు కాసెటోళ్లు లేరేమో" అని నిజంగానే జాలిపడ్డారు. అయితే డైరెక్టరు గారి మనసు దోచింది చేపా కాదు, ఈగా కాదు. ఆ దొరలు మోసే సామాను. చేతిలో ఒక కర్ర, మెడలో ఒక చిన్న డబ్బా, జేబులో ఒక కత్తెర, అంతే! "తక్కువ సామాను, ఎక్కువ ఆనందం" అనుకుంటూ ఆయన విమానం దిగారు. ఆ సంగతి మనందరికీ చెప్పడానికి ఆయన వెంట మూడు సూట్‌కేసులు, పందొమ్మిది జేబుల చొక్కా ఒకటి దిగాయి.

నెల తిరక్కుండా సోమరేవును ఆనుకుని ఉన్న ఎర్రగుట్ట జలాశయం మీద 'కనీస సామగ్రి విధానం' వచ్చి పడింది. కనీసం గురించి నలభై రెండు పేజీలు. నీళ్ల మీదికి పోయే ఏ మనిషీ అయిదు వస్తువులకు మించి తీసుకుపోరాదు. పుట్టి, అంటే వెదురుతో అల్లి తారు పూసిన ఆ గుండ్రటి పడవ, వాహనం కిందికి వస్తుంది కాబట్టి లెక్కలో కలపరు. తెల్లవారుజాము మొదలు ఉదయం తొమ్మిది దాకా వేట. ఆపైన చేపలకు విశ్రాంతి. వేట పాసున్నవాడు వరసగా పదిహేను రోజులు వేటకు దిగకపోతే పాసు రద్దు. వాడు వేటాడే మడుగును పట్నం గాలం క్లబ్బు వారికి ఇచ్చేస్తారు.

కుర్మయ్యకు ఈ విధానం విని నవ్వొచ్చింది. అరవై దాటిన మనిషి. పుట్టి తిప్పడం నేర్చిన నాటి నుంచీ పాములమడుగులోనే వేట. గుట్ట నీడ పడే ఆ మడుగులోకి తెల్లవారుజామున పెద్ద పెద్ద బొచ్చె చేపలు మేతకొస్తాయి. వాళ్ల తాత తిన్న అన్నం, తండ్రి తిన్న అన్నం, తాను తింటున్న అన్నం అన్నీ ఆ మడుగులోవే. ఇక సామాను అంటారా, దారం ఒకటి, గాలం ఒకటి, ఎరకు తవ్విన ఎర్రలు వేసుకునే కొబ్బరిచిప్ప ఒకటి, తెడ్డు ఒకటి, తువ్వాల ఒకటి. తువ్వాలను తలపాగా చుట్టుకుని, గాలాన్ని దాని మడతలో గుచ్చుకునేవాడు. పట్టిన చేపను అదే తువ్వాలను తడిపి చుట్టుకొచ్చేవాడు. ఒకప్పుడు బీడీకట్టా, అగ్గిపెట్టే కూడా ఉండేవి. పెళ్లాం మాసమ్మ అయిదేళ్ల కింద వాటిని పొయ్యిలో పెట్టింది. అలా మాసమ్మ పుణ్యమా అని లెక్క సరిగ్గా అయిదుకు వచ్చింది.

విధానం ప్రారంభించే రోజున రేవులో షామియానా వేశారు. పరాంకుశం గారు పందొమ్మిది జేబుల చొక్కాతో వచ్చి, కుర్మయ్యను చూసి, కళ్లు మూసుకుని తెరిచారు.

"చూడండి! దేనికోసమైతే మనం సప్తసముద్రాలు దాటి వెళ్లామో, అది మన రేవులోనే, మన కళ్లెదుటే, పంచె కట్టుకుని నిలబడి ఉంది! సామగ్రీ వైరాగ్యమంటే ఇదీ! ఈయన మన విధానానికి ఆదర్శ మూర్తి!"

చప్పట్లు కొట్టారు. మెడలో దండ వేశారు. కుర్మయ్య పక్కన డైరెక్టరు గారు, తెడ్డు పక్కన ఆఫీసర్లు నిలబడి ఫొటోలు దిగారు. చిప్పలోని ఎర్రలకు కూడా ఒక ఫొటో తీశారు. మాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గింత పెద్ద మనిషివని నాకు తెల్వకపాయె" అంది. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. కానీ ఆదర్శ మూర్తి అయినా మూడో నంబరు ఫారం నింపాల్సిందేనట. ఫీల్డ్ ఆఫీసరు నిరంజన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా అన్నం సయించని రకం.

"వస్తువులు?"

"అయిదు సారూ. దారం, గాలం, చిప్ప, తెడ్డు, తువ్వాల."

"బాగుంది. దారం ఏ పరికరానికి కట్టబడి ఉంటుంది? కర్రకా, చక్రానికా?"

"ఏ పరికరం లేదు సారూ. కాలి బొటనేలికి కట్టుకుంట."

నిరంజన్ కలం ఆగింది. "ఏమిటీ?"

"పుట్టిల కాళ్లు సాపుకొని కూసుంట సారూ. చేతుల తెడ్డుంటది గదా. దారం తీస్కపోయి కుడికాలు బొటనేలికి సుడతా. చేప మూతి పెడితే ఏలుకు ముందుగాల ఎరుకైతది. చిన్న చేపా, పెద్ద చేపా, ఉత్త నాచా, అన్నీ ఏలే చెప్తది."

ఈ మాట చెప్పేటప్పుడు కుర్మయ్య గొంతులో కాస్త గర్వం పలికింది. ఆ ఊళ్లో అంత తెలివైన వేలు ఇంకొకటి లేదని అందరూ ఒప్పుకునేవారు మరి. నోటి దూల అంటే ఇదే. నిరంజన్ ఫారం తీసుకుని డైరెక్టరు గారి దగ్గరికి నడిచాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని కుర్మయ్య కాలి వైపు చాలాసేపు చూశారు. కుర్మయ్య సిగ్గుపడి కాలు ఇసుకలో దాచుకున్నాడు.

"కుర్మయ్య గారూ," అన్నారు పరాంకుశం గారు దగ్గరికి వచ్చి, చావు కబురు చెప్పే గొంతుతో, "దారం చుట్టుకొనుట, చేప రాకను తెలియజేయుట. ఈ రెండు పనులు చేయునది మా విధానంలో పరికరమే అవుతుంది. అనగా మీ వద్ద ఆరు వస్తువులు ఉన్నాయి."

"అది ఏలు సారూ!"

"మేము కాదనడం లేదు. వేలు రూపంలో ఉన్న పరికరం."

"అయితే చేతి ఏలికి కట్టుకుంట తియ్యి."

"వాటిని మీరు ప్రకటించలేదు," అన్నాడు నిరంజన్. "ప్రకటించని వేళ్లను వాడితే అది వేరే కేసు. పైగా పది ఉన్నాయి."

"పోనీ తువ్వాల ఇంట్ల పెట్టొస్త."

"తలకు రక్షణ తప్పనిసరి. ఇరవై ఏడో పేజీ."

అవతలి నుంచి మాసమ్మ అరిచింది. "ఇగ ఆ ఏలు కోసి చేతిల పెట్టమంటరా సారూ?"

పరాంకుశం గారు చెవులు మూసుకున్నంత పని చేశారు. "ఛఛ! అమ్మా, సంస్థ మానవీయ దృక్పథం కలది. వేలును విడదీయవలసిన అగత్యం ఎంత మాత్రమూ లేదు. అదనపు పరికరంగా నమోదు చేసి, నంబరు వేసి, అందరి అదనపు పరికరాల మాదిరిగానే సాయంత్రం అయిదింటికి గోదాములో జమ చేస్తే సరిపోతుంది. ఉదయం పదింటికి తిరిగి ఇస్తారు. వేలుతో పాటు దానికి అనుబంధంగా ఉన్న మనిషిని కూడా భద్రపరచడానికి నేను ప్రత్యేక అనుమతి ఇస్తున్నాను."

ఆ ప్రత్యేక అనుమతికి మళ్లీ చప్పట్లు కొట్టారు.

గోదాము రేవుకు ఎదురుగానే ఉంది, రేకుల కప్పు, ఇనుప గేటు. దానికి స్టోర్ కీపరు విఠలయ్య. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన చేతి కింద ఒక్క మేకు పోలేదు. ఎలుక కొరికిన తాడు కూడా ఎలుక కొరికినట్టుగానే భద్రంగా ఉంది. ఆ సాయంత్రం ఆయన కుర్మయ్య కాలును స్టూలు మీద పెట్టించి, కళ్లజోడు సవరించుకుని, ఆరో నంబరు వేసిన రేకు బిళ్లను పురికొసతో బొటనవేలికి కట్టాడు. తరువాత రసీదు రాశాడు. "బొటనవేలు, కుడికాలు, ఒకటి. అనుబంధం: మనిషి, ఒకటి."

"తయారీదారు పేరు?"

"ఏం పేరు సారూ?"

"దీన్ని తయారు చేసింది ఎవరయ్యా?"

కుర్మయ్య ఆలోచించాడు. "మా అమ్మ సారూ. ఎల్లమ్మ."

"ఎల్లమ్మ," అని రాసుకున్నాడు విఠలయ్య. "గుర్తింపు చిహ్నాలు?"

"సిన్నప్పుడు తుమ్మముల్లు ఇరిగింది. గా మచ్చ ఉన్నది."

"తయారైన సంవత్సరం?"

"ఆధార్ కార్డుల పంతొమ్మిది వందల అరవై రెండు, జనవరి ఒకటి అని ఉన్నది సారూ. నిజం మా అమ్మకే తెల్వదు."

విఠలయ్య అది కూడా రాసుకుని, తాళం వేసుకుని ఇంటికి పోయాడు.

పొద్దున పదింటికి వేలు కుర్మయ్య చేతికొచ్చింది, అంటే కుర్మయ్య బయటికొచ్చాడు. వేట తొమ్మిదికే అయిపోయింది. అప్పుడు గాని ఆయనకు తాను ఎక్కడ ఇరుక్కున్నాడో తెలిసి రాలేదు. పరుగున నిరంజన్ దగ్గరికి పోయాడు.

"పొద్దుగాల ఇడ్వుండ్రి సారూ, మీకు దండం బెడ్త."

"ఆఫీసు తెరిచేది పదింటికి కదా."

"చేపలు పదింటి దాంక ఆగయి గదా సారూ!"

"ఆ విషయమై చేపలకు ఎలాంటి సూచనలూ జారీ కాలేదు," అన్నాడు నిరంజన్. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. "అయినా మీరు గోదాములో జమ చేయకుండా ఇంటికి పోతే, నమోదైన పరికరం మాయమైనట్టు అవుతుంది. దొంగతనం కేసు పడుతుంది."

"నా ఏలు నేనే దొంగలిస్తనా?"

"దొంగ ఎవరన్నది విచారణలో తేలుతుంది."

అట్లా రోజులు నడిచాయి. సాయంత్రం అయిదుకు లోపలికి, పొద్దున పదింటికి బయటికి. పాసు ఉంది, పుట్టి ఉంది, మడుగు ఉంది, మడుగులో చేపలున్నాయి. మధ్యలో ఒక తాళం ఉంది. రేవులో మాత్రం కుర్మయ్య నిలువెత్తు ఫొటో పెట్టారు. కింద 'తక్కువ సామాను, ఎక్కువ ఆనందం' అని రాశారు. ఆ బొమ్మ పక్కన నిలబడి క్లబ్బు వాళ్లు అప్పుడే పాములమడుగును దుర్భిణీతో చూసుకుంటున్నారు. ఒకాయన అయితే మడుగు పేరు బాగా లేదు, మారుద్దామన్నాడు.

కుర్మయ్యకు అన్నిటికన్నా కష్టమైంది తెల్లవారుజాము. కోడి కూసే వేళకు, గోదాము నేల మీద పడుకున్నవాడికి, బొటనవేలు తనంతట తానే అదిరేది. నలభై అయిదేళ్ల అలవాటు. దానికి విధానాలు తెలియవు. అటు మడుగులో బొచ్చెలు పైకి వచ్చే వేళ అది. ఇటు గోదాములో రేకు బిళ్ల గచ్చు మీద టకటకా కొట్టుకునేది. ఆ చప్పుడు వింటుంటే కుర్మయ్యకు ఏడుపొచ్చేది. ఏడ్చేవాడు కూడా, చూసేవాళ్లు లేరు గనుక.

మాసమ్మ రోజూ సాయంత్రం గేటు దగ్గరికి సద్దిగిన్నె తెచ్చేది. మొదట్లో ఎగతాళి చేసింది. "ఏమయ్యో, సర్కారు సొమ్మువు అయినవ్, ఇగ నేను ముట్టుకోవచ్చునా?" అనేది. పదో రోజు వచ్చేసరికి ఆమెకు ఎగతాళి ఆడే ఓపిక పోయింది. గిన్నెలో చేప ముక్క ఉండడం మానేసి వారమైంది.

"ఇంక అయిదు దినాలే ఉన్నయి," అంది. "మడుగు పోతే మనమేం జేసి బతుకుతమయ్యా? క్లబ్బోళ్లకు ఎర్రలు తవ్విస్తమా?"

కుర్మయ్య గిన్నె ముందుకు లాక్కున్నాడు. అన్నం కలుపుతూ కూర్చున్నాడు, తినలేదు.

పన్నెండో రోజు సాయంత్రం మాసమ్మ వచ్చేసరికి విఠలయ్య ఒక పెద్ద తూకపు కాటాను ఈడ్చుకుంటూ గేటు బయట పడేస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో మేకు పోనివ్వని మనిషి నిక్షేపంలాంటి కాటాను రోడ్డు మీద పారేయడం చూసి మాసమ్మ ఆగిపోయింది.

"గదేంది సారూ, మంచిగనే ఉన్నది గదా?"

"మంచిగుంటే ఏం లాభమమ్మా? అయిదేళ్లు దాటిపోయింది. కాలం చెల్లిన పరికరం. కమిటీ రద్దు చేసింది, ఇక ఇది మా దృష్టిలో లేనట్టే. గేటు బయట పెడతాం, ఎవరైనా పట్టుకుపోవచ్చు."

"అయిదేండ్లు దాటిన ప్రతిదీ గంతేనా?"

"గోదాములో ఉన్న ప్రతిదీ అంతే. నిబంధన అంటే నిబంధన," అన్నాడు విఠలయ్య ఛాతీ పొంగిస్తూ.

మాసమ్మ సద్దిగిన్నె కింద పెట్టింది. కొంగు నడుముకు దోపింది. "అయితే మా ఆయన ఏలు ఎప్పటిదో ఒకపారి మీ బుక్కుల జూడు సారూ."

విఠలయ్య నవ్వబోయాడు. కానీ అలవాటు కొద్దీ రిజిస్టరు తెరిచాడు. ఆరో నంబరు. తయారీదారు ఎల్లమ్మ. తయారైన సంవత్సరం పంతొమ్మిది వందల అరవై రెండు. ఆయన ముఖం తెల్లబోయింది. అరవై ఏళ్లు దాటిన పరికరాన్ని పన్నెండు రోజులుగా కొత్త సామానుతో కలిపి ఉంచాడు! ఆడిటు వాళ్లు చూస్తే పెన్షన్ ఏం గాను? ఆ సాయంత్రం కళ్లజోడు కూడా మరిచి, కాగితం పట్టుకుని డైరెక్టరు గారి బంగళాకు పరుగెత్తాడు.

పద్నాలుగో రోజున రద్దు కమిటీ కూర్చుంది. పరాంకుశం గారు అధ్యక్షులు, నిరంజన్ సభ్యుడు, విఠలయ్య కార్యదర్శి. కుర్మయ్య కాలు మళ్లీ స్టూలు మీదికి ఎక్కింది. నిరంజన్ వేలును అటూ ఇటూ వంచి చూశాడు. కుర్మయ్యకు చక్కిలిగింత పుట్టి కిసుక్కున నవ్వాడు. "వంచినప్పుడు అసాధారణ శబ్దం" అని నిరంజన్ రాసుకున్నాడు.

"తుప్పు?" అడిగారు డైరెక్టరు గారు.

"తుప్పు లేదు సార్. గోరు పగిలి ఉంది. పాత దెబ్బ ఒకటి. వంపు తయారీలోనే ఉన్నట్టుంది."

"విడిభాగాలు దొరుకుతాయా?"

"మార్కెట్లో లేవు సార్. తయారీదారు గతించారు."

పరాంకుశం గారు నిట్టూర్చారు. ఆదర్శ మూర్తి వేలు ఇంత పాతదని ఆయనకు ముందే తెలిస్తే ఆ రోజు దండ వేసేవారు కారేమో. "చాలా విచారకరం. అయినా సంస్థ ప్రమాణాల విషయంలో రాజీ పడదు," అంటూ సంతకం పెట్టారు. విఠలయ్య గుండ్రటి ముద్ర వేశాడు. బిళ్ల విప్పి సొరుగులో పెట్టుకున్నాడు, బిళ్ల మాత్రం కొత్తది కదా. తరువాత కుర్మయ్యను భుజం పట్టుకుని నడిపించుకుపోయి, తూకపు కాటా పెట్టిన చోటే గేటు బయట నిలబెట్టి, రద్దు కాగితం చేతిలో పెట్టి, గేటు వేసేశాడు.

అక్కడ మాసమ్మ ఉంది. ఎవరైనా పట్టుకుపోవచ్చు గనుక, పట్టుకుపోవడానికి వచ్చింది. కాగితం ఇంటికి తీసుకుపోయి, పక్కింటి పంతులమ్మతో చదివించుకుంది. "సదరు బొటనవేలు వినియోగయోగ్యం కాదు. మరమ్మతుకు వీలు లేదు. ఇకపై దీనిని ఏ సందర్భంలోనూ, ఎవ్వరూ పరికరంగా పరిగణించరాదు."

మాసమ్మ పడీపడీ నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుంది. "నలభై ఏండ్ల సంది పనికిరానోడివని నేను నోటితోనే అన్న. ఇయాల సర్కారు ముద్ర గుద్ది ఇచ్చింది. పో, ఇగ పొద్దుగాల లేవాలె, పండుకో."

పదిహేనో రోజు. తూరుపు ఇంకా ఎర్రబడక ముందే పుట్టి పాములమడుగులో ఉంది. కుర్మయ్య కాళ్లు చాపుకున్నాడు. తువ్వాల మడతలోంచి గాలం తీశాడు, చిప్పలోంచి ఎర్ర తీసి గుచ్చాడు, నీళ్లలోకి వదిలి, దారం బొటనవేలికి రెండు చుట్లు చుట్టాడు. ఆ రెండు చుట్లు పడగానే ఆయన ప్రాణం కుదుటపడింది. ఇంతలో బుడబుడమంటూ మోటారు పడవ వచ్చింది. అందులో లైఫ్ జాకెట్టూ, మెగాఫోనూ, టార్చీ, గొడుగూ, ఫ్లాస్కూ, నాలుగు ఫైళ్లూ పెట్టుకుని నిరంజన్ కూర్చున్నాడు. తనిఖీ సిబ్బందికి లెక్క వర్తించదు.

"దారం, గాలం, చిప్ప, తెడ్డు, తువ్వాల, అయిదు," అని లెక్కపెట్టాడు. చూపు కాలి మీద పడింది. "ఆరు! మళ్లీ ఆ వేలేనా?"

కుర్మయ్య చెయ్యెత్తి తలపాగాలోంచి కాగితం తీసి ఇచ్చాడు. నిరంజన్ చదివాడు. కింద ఉన్న మూడు సంతకాల్లో ఒకటి తనదే. మళ్లీ చదివాడు. 'ఎవ్వరూ' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాడు. ఇంతకీ ఈ కాగితం ఏడో వస్తువవుతుందేమో చూద్దామనుకున్నాడు గాని, సంస్థ ముద్ర ఉన్న కాగితం సామాను కాదని ముప్ఫై మూడో పేజీలో తానే రాశాడు.

అప్పుడే దారం బిగిసింది. వేలు ఒక్కసారి ముందుకు వంగి, అదిరి, మళ్లీ వంగింది. పెద్దదే.

"మరి... ఇది కదులుతోందే?" అన్నాడు నిరంజన్.

"పనికిరాని సామాను సారూ," అన్నాడు కుర్మయ్య దారం లాగుతూ, "గాలికి కదుల్తది."

తొమ్మిదికి వేట చాలించి, పది కొట్టే వేళకు తడి తువ్వాలలో మూరెడు బొచ్చెను చుట్టుకుని కుర్మయ్య ఒడ్డుకు వచ్చాడు. రేవులో పొద్దుటి నుంచీ ఇంకో పుట్టి కదల్లేదు. ఏమైందిరా అని చూస్తే, గోదాము గేటు ముందు ఊరి బెస్తవాళ్లు ముప్ఫై మంది బారులు తీరి నిలబడి ఉన్నారు. వాళ్లూ దారం కట్టేది కాలి వేలికే, ఫారంలో ఆ మాట చెప్పలేదంతే. చెప్పని బొటనవేలు ఏ పూట పట్టుబడినా ఆరో వస్తువవుతుంది, రద్దయిన బొటనవేలికి ఇక భయం లేదు. మాసమ్మ రాత్రికి రాత్రే ఇల్లిల్లూ తిరిగి ఈ సంగతి చెప్పి వచ్చింది మరి. అందరూ కుడికాళ్లు శుభ్రంగా కడుక్కుని, పంచెలు మోకాళ్ల పైకి ఎగగట్టుకుని ఉన్నారు. గేటు లోపల విఠలయ్య స్టూలు వేసుకుని, కొత్త రిజిస్టరు తెరిచి, చెమట తుడుచుకుంటూ మొదటివాడిని అడుగుతున్నాడు.

"తయారీదారు పేరు?"